శశికళ టీచర్ డిస్కు దిగలేదు

అమెరికాలోని నోవైలో ఏప్రిల్ వచ్చినా చలి వదల్లేదు. అయినా శశికళ అయిదున్నరకే లేచేది. అప్పటికే కోడలు హాసిని ఇండియా టీమ్‌తో ఫోన్‌లో ఉండేది. మనవడు నీల్‌కి లంచ్ బాక్స్ కట్టి, జుట్టు దువ్వి, స్కూల్ బస్సెక్కించి, అప్పుడు తన కాఫీ తను కలుపుకునేది. కాఫీ అవగానే గుడ్డసంచిలో తనకున్న ఒక్క ప్లాస్టిక్ డిస్కు వేసుకుని కాలనీ వెనక పార్కుకి నడిచేది. ఆ పార్కులో చెట్ల మధ్య గొలుసులు వేలాడే ఇనప బుట్టలు తొమ్మిదున్నాయి. దూరం నుంచి డిస్కు విసిరి బుట్టలో వేయాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. అదే డిస్క్ గోల్ఫ్.

ఈ ఆట ఆవిడకి నేర్పింది కొడుకు రాజీవ్. ఒక్క ఆదివారం నేర్పాడు, మరుసటి ఆదివారానికి ఆవిడే వాడి తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. గుడివాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫైనాలుగేళ్లు డ్రిల్ టీచరుగా చేసి, ఆడపిల్లలకి టెన్నీకాయిట్ నేర్పిన మణికట్టు అది. రబ్బరు రింగైతేనేం, ప్లాస్టిక్ పళ్లెమైతేనేం.

ఆవిడ కోపం కూడా ఆ మణికట్టులోనే ఉండేది. శశికళ కోపంతో విసిరింది ఏదీ కింద పడదు. కోపం దిగేదాకా పైనే తిరుగుతూ ఉంటుంది. ఆడపిల్లల్ని జిల్లా పోటీలకి పంపనని హెడ్మాస్టరు మొండికేసినప్పుడు విసిరిన డస్టరు పదిహేడు రోజులు స్కూలు మీద తిరిగింది. రోజూ ప్రార్థన దాని కిందే జరిగింది. పద్దెనిమిదో రోజున ఆయన సంతకం పెట్టాడు, డస్టరు వచ్చి బల్ల మీద పడింది. పోయిన మొగుడి మీద విసిరిన ఇత్తడి గ్లాసు ఏకంగా రెండు దసరాలు చూసింది. ఊళ్లోవాళ్లు తలెత్తి చూసి, "టీచరుగారికి ఇంకా తగ్గినట్టు లేదు" అనుకుని ఎవరి పనిన వాళ్లు పోయేవారు.

అలాంటి మనిషి, రిటైరయ్యాక కూడా ఆడపిల్లలకి ఏటా నడిపే వేసవి శిక్షణ శిబిరాన్ని ఈ ఏడాది ఇంకొకరికి అప్పజెప్పి అమెరికా వచ్చిందంటే, మనవడి మీద ప్రేమతోనే కాదు. నవంబరులో రాజీవ్ ఫోన్ చేసి, "అమ్మా, ఏప్రిల్లో రా. మా ఫ్రెండ్స్ డిస్క్ గోల్ఫ్ ట్రిప్‌కి ఈసారి నిన్ను కూడా తీసుకెళ్తా. ప్రామిస్" అన్నాడు. ఆ మాట పట్టుకుని వచ్చింది. వచ్చిన వారంలోనే లాంగ్ నోట్‌బుక్ తెరిచింది. మధ్యాహ్నాలన్నీ వీడియోలు చూసి, ఎక్కడికి వెళ్తే బాగుంటుందో రాసింది. ముప్ఫైనాలుగేళ్లు పిల్లల్ని పోటీలకి తిప్పిన మనిషి కాబట్టి మంచినీళ్లెక్కడ, బాత్రూంలెక్కడ అన్నది ముందు రాసి, నేల ఎలాంటిదన్నది తర్వాత రాసింది. కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్: కొండ మీద నుంచి సముద్రం కనబడుతుందట, మోకాళ్లు ఒప్పుకోవు. మసాచుసెట్స్‌లో మేపుల్ హిల్: చెరువులు జాస్తి, డిస్కుల మీద ఆశ వదులుకుని వెళ్లాలి. షార్లెట్: ఒక్క ఊళ్లోనే వారమంతా ఆడుకోవచ్చు, చెట్లకి తగలకుండా విసిరేవాళ్లకి. ఆస్టిన్: ఎండ, గొడుగు. కాన్సస్‌లో ఎంపోరియా: చదును నేల, గాలి బలం, ఊరంతా ఇదే ఆట. ఎంపోరియా కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసింది.

ఆ పేజీలు రాజీవ్ ఫోటో తీసుకున్నాడు, టైప్ చేసి గ్రూప్‌లో పెట్టాడు, అందరూ ఎంపోరియాకే ఓటేశారు. శశికళకి ఆ సంగతి తెలిసి, చెప్పులు పనికిరావని బూట్లు కొనిపించుకుంది.

బుధవారం సాయంత్రం ఆవిడ వంటింట్లో ఉండగా రాజీవ్ వచ్చాడు.

"అమ్మా, రేపు పొద్దున్నే బయల్దేరాలి. పదమూడు గంటల డ్రైవ్. దారికి పులిహోర చేస్తావా? నలుగురికి సరిపోయేలా."

బియ్యం డబ్బాలో ముంచిన గ్లాసు అక్కడే ఆగింది.

"నలుగురేమిట్రా? నాతో అయిదుగురం కదా."

రాజీవ్ ఫ్రిజ్ తెరిచి, ఏమీ తీసుకోకుండానే మూసేశాడు. "అదీ... అప్పుడేదో ఫ్లోలో అన్నానమ్మా. ఇది బాయ్స్ ట్రిప్. నువ్వు బోర్ అవుతావ్. పైగా హాసినికి ఈ వీకెండ్ ఆఫీసులో రిలీజ్ ఉంది. నీల్‌ని ఎవరు చూస్తారు?"

"ఆ లిస్టు రాసిందెవరు?"

"నువ్వే. సూపర్‌గా రాశావ్. అందరికీ తెగ నచ్చింది."

"రాసింది మీ అమ్మ అని చెప్పావా వాళ్లకి?"

వాడు ఫోన్ చూసుకున్నాడు. రాజీవ్‌కి అమ్మ మీద ప్రేమ లేదని ఎవరూ అనరు. వాడికి కుక్కర్ మీద కూడా ప్రేమే, విజిల్ సరిగ్గా వేసినన్నాళ్లు. శశికళకి అరికాలి మంట నెత్తికెక్కింది. గ్లాసులోని బియ్యం డబ్బాలోకి ఒంపేసి, మూత బిగించి, సంచిలోంచి నారింజరంగు డిస్కు తీసి ఇంటి వెనక చెక్క డెక్ మీదకి వెళ్లింది. గూబ గుయ్యిమనిపించాల్సిన చేత్తో డిస్కు విసిరింది. అది గరాజ్ దాటి, మేపుల్ చెట్టు దాటి, వెనక్కి మళ్లి ఇంటి మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

రాజీవ్ తలెత్తి చూసి నీరసపడ్డాడు. "ఇప్పుడు హెచ్ఓఏ వాళ్లు మెయిల్ పెడతారమ్మా."

నిజంగానే పెట్టారు. గడ్డి రెండంగుళాలు పెరిగితేనే ఊరుకోని కాలనీ ఇళ్లవాళ్ల అసోసియేషన్ అది. ఇంటి మీద తిరిగే వస్తువులు బూడిదరంగులో గానీ లేతగోధుమ రంగులో గానీ ఉండాలని, నారింజకి అనుమతి లేదని రాశారు. వాళ్లకి సమాధానం ఇచ్చే అవసరం లేకపోయింది. మర్నాడు పొద్దున నలుగురు మగాళ్లూ వ్యాన్ ఎక్కగానే డిస్కు కూడా వాళ్ల వెంట వెళ్లింది.

సాయంత్రానికి రాజీవ్ స్నేహితుడు అక్షయ్ ఫోన్ చేశాడు. వరంగల్ అబ్బాయి, మనసులో ఏదీ దాచుకోడు.

"ఆంటీ, మీ డిస్క్ మా వ్యాన్ మీదనే ఉంది. ఇండియానా దాటినం, ఇల్లినాయ్ దాటినం, అయినా పోతలేదు. రాజీవ్‌గాడు ఏం చేసిండు?"

"వాణ్ణే అడుగు నాయనా."

శుక్రవారం సాయంత్రం మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "ఆంటీ, ఏం విసిరినా కిందికి వస్తలేదు. అన్నీ మీ డిస్క్ ఎంబడి పోయి తిరుగుతున్నయ్. నలుగురివి కలిపి ముప్ఫై ఒకటి పోయినయ్. ఒక్క బుట్టన్న కొట్టలే."

"మీ డిస్కులెందుకు ఆగాయో నాకూ తెలీదు బాబూ. మీ మీద నాకేం కోపం?"

"ఉండాలె ఆంటీ. ఆ లిస్ట్ ఎవరు రాసిండ్రని మేమెవ్వరం అడగలే. బాత్రూం ఎక్కడుందో రాజీవ్‌గాడు రాస్తడా? అప్పుడే డౌట్ రావాల్సింది."

తర్వాత రాజీవ్ ఫోన్ అందుకున్నాడు. "అమ్మా, సారీ. ఇంక దించెయ్."

"ఎందుకురా సారీ?"

"నీకు కోపం వచ్చినందుకు."

"నాకు కోపం వచ్చినందుకా, నువ్వు మాట తప్పినందుకా?"

"ఏదో ఒకటిలే అమ్మా! పదమూడు గంటలు డ్రైవ్ చేసి వచ్చాం ఇక్కడికి!"

"నేను ఇరవైరెండు గంటలు ఎగిరి వచ్చానురా!" అని శశికళ అరిచిన అరుపుకి నీల్ బొమ్మలు వదిలేసి వచ్చి నిలబడ్డాడు. "ఎగిరి వచ్చింది మీ ఇంట్లో డబ్బాలు కట్టడానికా? ఆ మాట నవంబర్లోనే చెప్తే నా పిల్లల దగ్గర నేను ఉండేదాన్ని కదా! నలభైమంది ఆడపిల్లలు, ఎండలో, ఎవరో ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టి వచ్చాను, నీ ప్రామిస్ నమ్మి!"

హాసిని అంతసేపూ లాప్‌టాప్ ముందు కూర్చుని వింటూనే ఉంది. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి, అత్తగారి చేతిలో ఫోన్ మెల్లిగా తీసుకుంది.

"రాజీవ్, రేపు పొద్దున ఆరింటికి కాన్సస్ సిటీ నుంచి ఫ్లైట్. నీ పేరు మీద బుక్ చేశాను. మధ్యాహ్నం ఇక్కణ్ణుంచి అత్తయ్యకి బుక్ చేశాను. అక్షయ్ వాళ్లు పికప్ చేసుకుంటారు. నీల్‌ని నువ్వు చూస్తావ్."

"మరి నా ట్రిప్?"

"నీ దగ్గర డిస్కులేవి?" అంది హాసిని, ఫోన్ పెట్టేసి మళ్లీ హెడ్‌సెట్ తగిలించుకుంది.

ఆదివారం పొద్దున ఎంపోరియాలో గాలి ఆవిడ రాసినట్టే ఉంది, ఇంకా కాస్త ఎక్కువే. కొత్త బూట్లు వేసుకుని, చీర కుచ్చిళ్లు బొడ్లో బిగించి, శశికళ మొదటి బుట్టకి ఎదురుగా నిలబడింది. పైన ముప్ఫైరెండు డిస్కులు తిరుగుతున్నాయి. రాజీవ్ వెళ్లిపోయినా అవి పోలేదు. తను వచ్చేస్తే దిగిపోతాయనుకుంది. అక్షయ్ కూడా అదే ఆశతో మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తున్నాడు.

అవి దిగకపోయేసరికి ఆవిడకి తన మీదే ఆశ్చర్యం వేసింది. కొడుకొక్కడి మీద కోపమైతే ఈపాటికి సగమైనా తగ్గేది. తవ్వుకుంటే చాలా ఉంది. ఇరవై ఏళ్ల వయసులో యూనివర్సిటీ జట్టుకి ఆడింది, పెళ్లయ్యాక ఏ జట్టులోనూ లేదు. ఎవరూ ఆడొద్దని అనలేదు. జట్టు రాసేటప్పుడు ఆవిడ పేరు ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. పిల్లల్ని బస్సుల్లో తిప్పింది, మజ్జిగ కలిపింది, తువ్వాళ్లు పట్టుకుని గీత బయట నిలబడింది. గీత లోపల ఎవరి పిల్లలో గెలిచారు. ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. అన్నేళ్లూ ఆ చప్పట్లు మనస్ఫూర్తిగానే కొట్టానా అని ఇప్పుడు అడిగితే, సగమే అని చెప్పాలి.

పక్కన చెట్టు కింద నెరిసిన జుట్టు జడ వేసుకున్న ఒక ముసలావిడ కూర్చుని షూ లేసులు కట్టుకుంటోంది. పేరు మార్లిన్, ఆ ఊరి మనిషే. పైకి చూసి ఇంగ్లీషులో అడిగింది. "మీవేనా?"

"నావే," అంది శశికళ, తనకొచ్చిన ఇంగ్లీషులో. "నాలుగు రోజులైంది."

"అదిగో, ఆ నీళ్లటాంకు మీద ఆకుపచ్చది, అది నాది. పదకొండేళ్లు. మా ఆయన మీద."

"దించాలని లేదా?"

"ఎందుకూ? దాని మానాన అది తిరుగుతుంది, నా ఆట నేను ఆడుకుంటాను. డిస్కు లేదా నీ దగ్గర? ఇది తీసుకో."

శశికళకి ఇన్నాళ్లూ ఎవరూ ఇలా చెప్పలేదు. కోపం తగ్గితేనే మంచి మనిషివి అన్నవాళ్లే అందరూ. కోపం ఉండగా కూడా ఆడుకోవచ్చని ఆవిడకి తోచనే లేదు. డిస్కు అందుకుని, గాలి ఎటుందో చూసి, కోపానికి కాకుండా బుట్టకి గురిపెట్టి విసిరింది. అది తక్కువ ఎత్తులో, గాలిని కోసుకుంటూ పోయి, బుట్టకి రెండడుగుల ఇవతల బుద్ధిగా నేల మీద వాలింది. అక్షయ్ ఈల వేశాడు. మార్లిన్ లేసులు సగంలో వదిలేసి లేచి నిలబడింది.

పద్దెనిమిది బుట్టలూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. కుర్రాళ్లు ముగ్గురూ అరువు తెచ్చిన డిస్కులు ఈసారి కిందికి దిగాయి గానీ, ఆటలో వాళ్లు ఆవిడ వెనకే మిగిలారు.

"ఏటా ఏప్రిల్లో ఇక్కడ అరవై దాటిన ఆడవాళ్లకి పోటీ పెడతాం," అంది మార్లిన్. "మా జట్టులో ఒకరు తగ్గారు. వచ్చే ఏడాది వస్తావా?"

శశికళ నోట్లోకి, "మా అబ్బాయిని అడిగి చెప్తాను" అన్న మాట అలవాటుగా వచ్చింది. పళ్ల దగ్గరిదాకా వచ్చాక దాన్ని మింగేసింది.

"వస్తాను," అంది. మార్లిన్ జేబులోంచి కాగితం తీసి పేరు రాయమంది. శశికళ తన పేరు, ఇంటిపేరుతో సహా, తనే రాసుకుంది.

అంతలో రాజీవ్ ఫోన్ చేశాడు. వెనక నీల్ ఏడుపు, పొయ్యి మీద ఏదో మాడి చిటపటలాడుతున్న చప్పుడు.

"అమ్మా, డిస్కులు దిగాయా? కోపం పోయిందా?"

శశికళ పైకి చూసింది. చాలావరకు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కుర్రాళ్లవి మాత్రం ఒక్కొక్కటే జారి గడ్డిలో పడుతున్నాయి, అక్షయ్ వాటి వెనక పరుగెడుతున్నాడు. నారింజది ఇంచు కూడా దిగలేదు.

"లేదురా, పోలేదు. నువ్వు వచ్చే ఏప్రిల్లో నాలుగు రోజులు సెలవు పెట్టి ఉంచు. నీల్‌ని చూసుకోవాలి."

"ఏప్రిల్లోనా? ఎందుకమ్మా?"

"నాకు ఆట ఉంది."