సన్న తీగలు

తుప్పు పట్టిన ఆఖరి తీగను పట్టకారుతో ఊడదీసింది కానీ, అక్క దాన్ని చెత్తబుట్టలో వేయలేదు. కిటికీ వెలుతురులోకి ఎత్తిపట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండుసార్లు దొర్లించింది. ఆ తర్వాతే దగ్గరిచూపు కళ్లజోడు పెట్టుకుని, మందం కొలిచే గేజు తీసింది. వేళ్లు చెప్పిందే గేజూ చెప్పింది. తలవెంట్రుక కన్నా కాస్త లావు, అంతే.

ఆ వాద్యాల దుకాణానికి వచ్చేవాళ్లంతా ఆమెను అక్కనే పిలుస్తారు. ముందుగదిలో కూర్చునే యజమానికి ఆమె నిజంగానే అక్క. అతను పిలవగా పిలవగా మిగతావాళ్లకూ అలవాటైపోయింది. వయసు యాభై ఎనిమిది. అందులో నలభై ఏళ్లు ఈ వెనకగదిలోనే, జిగురు వాసనలో గడిచాయి. పని నేర్పింది తండ్రి. కొడుక్కీ నేర్పబోతే, అతను రంపం పట్టిన వారానికే వేలు కోసుకుని మళ్లీ దాని జోలికి పోలేదు. పోయేముందు తండ్రి పనిముట్లు కూతురికిచ్చి, దుకాణం కొడుకు పేర రాశాడు. ఇద్దరికీ సమానంగా పంచానన్న తృప్తితోనే పోయాడు పాపం.

వాద్యం బాగుచేయించుకున్నవాళ్లు ముందుగదిలో తమ్ముడి చేయి పట్టుకుని, "మీ చేతిలో ఏదో ఉందండీ" అంటారు. అతను చిన్నగా నవ్వుతాడు. కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

బల్ల మీదున్న మాండలిన్‌కు ఎనభై ఏళ్లుంటాయి. వీపు సగానికి కోసిన గుమ్మడికాయలా గుండ్రంగా ఉంది. పైపలక బిస్కెట్టంత పల్చన. రిటైరైన లెక్కల మాస్టారు నిన్న దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు తీసుకొచ్చారు. అది ఆయన భార్యది. ఏడాదిగా ఆమె మంచం మీదే ఉంది. మాట పడిపోయింది, చెవీ మందగించింది.

"పక్కింటమ్మాయి వచ్చి వాయిస్తానంది. ఒక్కసారి వింటే గుర్తుపడుతుందేమోనని..."

"ఆవిడ ఏ తీగలు వేసుకునేవారండీ?" అని అడిగింది అక్క.

మాస్టారు తడబడ్డారు. "ముప్పై నాలుగేళ్లు పక్కన కూర్చుని విన్నానమ్మా. అది మాత్రం ఎప్పుడూ అడగలేదు."

అందుకే ఈ ఉదయమంతా ఆ పాత తీగలను అడగాల్సొచ్చింది. ముందుగదిలో వేలాడే తళతళల పొట్లాలన్నీ ఈ కాలపు దిట్టమైన మాండలిన్లకు. ఎనిమిది తీగలూ బిగిస్తే, పలక మీద ఓ మనిషి ఎక్కి నిల్చున్నంత బరువు పడుతుంది. అక్క పలకను వేలి కణుపుతో అంగుళం అంగుళం తట్టి చూసింది. తీగలు ఆనే గుర్రం పక్కన ఒకచోట చప్పుడు మొద్దుబారి ఉంది. లోపలి పట్టీ ఎప్పుడో ఊడితే, ఎవరో అతికించారు. మధ్యరకం తీగలు వేసి సగం బిగించింది. చెక్క సన్నగా మూలిగింది. వెంటనే విప్పేసింది.

చివరికి సొరుగు అడుగున దాచుకున్న అన్నిటికన్నా సన్న తీగలు వేసింది. ఒక స్వరం తగ్గించి శ్రుతి చేసింది. అరగంటకోసారి అర తిప్పు, అంతకుమించి కాదు. మధ్యాహ్నానికి మాండలిన్ పలికింది. పక్కగదిలో ఎవరో తనలో తాను మాట్లాడుకుంటున్నట్టుంది ఆ పలుకు. అక్క రెండోసారి మీటలేదు. ఉన్న కాస్త తియ్యదనాన్ని తనెందుకు ఖర్చుపెట్టడం అనుకుంది.

రెండు వీధుల అవతలి తన గదికి వెళ్లి, భోంచేసి వచ్చేసరికి మాండలిన్ పెట్టిన చోట లేదు. బల్ల ఆ చివర ఉంది, మెరిసే లావు తీగలతో. గుర్రం కింద పలక గిన్నెలా కుంగింది. అక్కడినుంచి గుండ్రటి రంధ్రం దాకా వెంట్రుకంత చీలిక పాకింది.

"ఎవరు మార్చారు?"

"నేనే," అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి. "మాస్టారు ఫోన్ చేశారు. ఆవిడకి సరిగా వినపడదటక్కా. నీ తీగలేమో గుసగుసలాడుతున్నాయి. లావువి వేస్తే గట్టిగా పలుకుతుందన్నాను. సరే అన్నారు."

"నేను వచ్చేదాకా ఆగాల్సింది."

"అన్నీ నిన్నడిగే చెయ్యాలా?" చీలిక వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "పాత చెక్క. ఎప్పుడో ఒకప్పుడు పోయేదే."

అక్క ఒక్కో బిరడా తిప్పి తీగలన్నీ వదులు చేసింది. కుంగిన చెక్క పైకి రాలేదు.

నాలుగింటికి మాస్టారు వచ్చారు. చొక్కా ఇస్త్రీ చేసుంది. మాండలిన్ చుట్టడానికి చేతిలో కొత్త తువ్వాలు. ముందుగదిలోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "మా అక్క కాస్త ఎక్కువ బిగించేసిందండీ. వయసు మీదపడింది, చేతులు మునుపట్లా లేవు. ఏమీ అనుకోకండి."

నలభై ఏళ్లు తన చేతిపని మెప్పంతా ఆ గదిలోనే ఆగిపోయింది. గదుల మధ్యనున్న తెర దాటి ఇటు వచ్చింది ఈ నింద ఒక్కటే. అక్క మాండలిన్‌నూ, పొద్దున వేసిన సన్న తీగల చుట్టనూ పట్టుకుని బయటికొచ్చింది.

"మాస్టారూ, నేను వేసినవి ఇవి. కొలిచి చూశాను, మీ ఆవిడ వేసుకున్నవీ ఇలాంటివే. ఆ లావువి నేను వేయలేదు."

తమ్ముడు కౌంటరు మీది కాగితాలు సర్దసాగాడు. మాస్టారు ఆ చుట్ట అందుకుని చూశారు. అతని వంకా చూశారు. చివరికి చీలిక మీద వేలు పెట్టారు.

"ఎవరు వేస్తేనేంలే అమ్మా. సరే అన్నది నేనేగా."

ఆయన కోప్పడినా బాగుండేది. ఇన్నేళ్లకు నోరు తెరిచి చెప్పిన నిజం, ఎవరికీ అక్కర్లేని వస్తువులా కౌంటరు మీద మిగిలిపోయింది.

"బాగవుతుందా?"

"అవుతుందండీ. పలక విప్పి అతికించి ఆరబెట్టాలి. మూడు నెలలు పడుతుంది."

"మూడు నెలలు." మాస్టారు తువ్వాలును నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నారు. "తనకి అంత టైము లేదమ్మా." మాండలిన్‌ను అక్కడే వదిలి, మెట్లు చూసుకుంటూ దిగి వెళ్లిపోయారు.

"బయటివాళ్ల ముందు నా పరువు తీశావు," అన్నాడు తమ్ముడు.

"ఇన్నేళ్లూ దాన్నీ నేనే అతికిస్తూ వచ్చాన్రా."

"అంత కష్టంగా ఉంటే మానెయ్."

అక్క మాండలిన్ అందుకుంది. వెనకగదిలోకి వెళ్లి జిగురు డబ్బా మూత బిగించింది. చెక్కపొట్టు ఊడ్చింది. మాండలిన్‌ను గుడ్డలో చుట్టి, తేమ తగలని పై అరలో పెట్టింది. తండ్రి ఇచ్చిన పనిముట్లన్నీ సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుంది.

"రేపు పెందలాడే రా. ఆ గిటార్ ఇచ్చెయ్యాలి," అన్నాడు తమ్ముడు, ఫోన్లోంచి తలెత్తకుండానే.

"వస్తాను," అంది అక్క. వెళ్లేవాళ్లందరూ అనే మాటే. అతను రేపటి సంగతి అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా చూసి, తమ్ముడు వెనకగదిలోకి వెళ్లాడు. పనిముట్లు వేలాడే మేకులన్నీ ఖాళీ. ఊడ్చిన బల్ల మీద, దగ్గరిచూపుకు తప్ప మరెందుకూ పనికిరాని అక్క కళ్లజోడు, కాళ్లు ముడుచుకుని, కిటికీ వైపు తిరిగి ఉంది.