గడ్డం గీసేటప్పుడు వినవలసినవి

మంచి కామెడీ పాడ్‌కాస్ట్ ఏదో నన్నడగండి, చెబుతాను. ఇరవై రెండేళ్లుగా సెలూన్ నడుపుతున్నాను. మనిషికి నవ్వు ఎటునుంచి వస్తుందో నా వేళ్లకు తెలుసు. ముందు పొట్ట కదులుతుంది, తర్వాత భుజాలు, ఆ తర్వాత దవడ. అది దవడ చేరేలోపు కత్తి ఎత్తకపోయామా, నవ్వు నాలుగు విధాల చేటని ఎందుకన్నారో ఇద్దరికీ తెలిసొస్తుంది.

అందుకే రెండు రకాలు పెట్టుకున్నాను. జుట్టు కత్తిరించేటప్పుడు, తోడికోడళ్లిద్దరు ఒకే వంటింట్లో నిలబడి వాదించుకునేది వేస్తాను. లేదంటే రిటైరైన మాస్టారొకాయన పిల్లల సెలవు చీటీలు చదివి వినిపించేది. అందులో ఒక బుద్ధిమంతుడు ఒకే ఏడాది తాతను నాలుగుసార్లు చంపాడు. నా మాట విని ఆ రెండూ వినండి. నవ్వితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే బ్యాంకు మేనేజరు కూడా నా కుర్చీలో మెలికలు తిరిగిపోయాడు.

గడ్డం గీసేటప్పుడు మాత్రం మా బావమరిది పాడ్‌కాస్టే. దాని పేరు ‘నవ్వితే నాదే పూచీ’. ఆ పూచీ ఇంతవరకు వాడి మీద పడలేదు. జోకు చెప్పి, అందులో నవ్వు ఎక్కడ రావాలో కూడా విడమరిచి చెబుతాడు మహానుభావుడు. అది మోగుతుంటే కళ్లు మూసుకుని కూడా గడ్డం గీయవచ్చు. ఇంట్లో మా ఆవిడతో మాత్రం, మీ తమ్ముడిది రోజూ వేస్తున్నానని చెప్పాను. అబద్ధం కాదు కదా.

మొన్న శనివారం పొద్దున్నే వాడు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కుర్చీలో ఎదురు కొట్టు దర్జీ ఉన్నాడు, మొహమంతా నురగ. మోగుతున్నది మావాడి గొంతే. దర్జీ ఊపిరి బిగబట్టి, కన్నార్పకుండా వింటున్నట్టే ఉన్నాడు. కంఠం మీద కత్తి ఉంటే ఎవరైనా అలాగే ఉంటారు. మావాడు మాత్రం ఆ నిశ్శబ్దం చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

దర్జీ వెళ్లాక కుర్చీ ఎక్కాడు. నేను నురగ పూస్తుంటే అసలు సంగతి బయటపెట్టాడు. నీటి సరఫరా ఆఫీసులో పదకొండేళ్లుగా చేస్తున్న ఉద్యోగానికి సోమవారం రాజీనామా ఇస్తాడట. కాగితం రాసి, సంతకం పెట్టి, జేబులోనే ఉంచుకున్నాడు. జనం ఇంత శ్రద్ధగా వింటుంటే ఇంకా కుళాయి ఫిర్యాదులు రాసుకుంటూ కూర్చోవడమేమిటన్నాడు.

వాడికి బడికెళ్లే పిల్లలిద్దరు. చెబితే వాడి మనసు విరుగుతుంది, మా ఆవిడ నెల రోజులు నా మొహం చూడదు. చెప్పకపోతే వాడి సంసారం గంగలో కలుస్తుంది. పైగా ఈ ఆశ పెట్టింది నేనే, నా తెలివి తగలెయ్య.

ఒక చెంప గీసి కత్తి ఎత్తి పట్టుకున్నాను.

“ఒరేయ్, నీది గడ్డం గీసేటప్పుడే ఎందుకు వేస్తానో తెలుసా? ఎవరూ నవ్వరని. నవ్వితే గాటు పడుతుంది.”

వాడు అద్దంలో తన మొహం చూసుకున్నాడు. సగం మొహం నున్నగా ఉంది, సగం తెల్లగా ఉంది.

“నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా బావా,” అన్నాడు.

“ముందు ఎవరో ఒకరు నవ్వాలి కదరా.”

వాడు ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. వాడి మీద నాకు అంత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

మిగతా సగం కూడా కానివ్వమన్నాడు. మొదలుపెట్టి, కత్తి తుడవడానికి కాగితం ముక్క కోసం చూశాను. అయిపోయాయి. వాడు పైన కప్పిన గుడ్డ కింద నుంచి జేబులో చెయ్యి పెట్టి, మడత కాగితం తీసి ఒళ్లో పరిచాడు.

“దీని మీద తుడువు బావా.”

తుడిచాను. గడ్డం పూర్తయ్యేసరికి సంతకం కూడా నురగ కిందికి పోయింది.