డ్రైవులోకి ఎక్కని ఉత్తరం

ఆదివారం పొద్దున గిన్నెలు కడగడం అయిపోగానే ఫోటోలావిడ బ్యాకప్‌కి కూర్చుంటుంది. ఇంట్లో వీధివైపు గదే ఆమె స్టూడియో. ఒక నీలం తెర, ఒక స్టూలు, రెండు గొడుగు లైట్లు, కిటికీ పక్కన ఇంటిల్లిపాదీ వాడుకునే కంప్యూటరు. సొరుగులోంచి అరచేతిలో పట్టే ఎక్స్‌టర్నల్ డ్రైవు తీసి, వైరు గుచ్చి, పచ్చ లైటు వెలిగాక వారమంతా పోగైన ఫైళ్లను అందులోకి పంపిస్తుంది. ఏడేళ్లుగా ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

ఆ డ్రైవులోకి అబద్ధం ఎక్కదు. కొన్ననాటి నుంచీ దాని తీరంతే. బడి హెడ్మాస్టరుగారి జుట్టును కంప్యూటర్లో నల్లగా చేస్తే ఆ ఫోటోను ససేమిరా తీసుకోలేదు. ఆయన నిజంగానే రంగేసుకొచ్చి దిగితే గుటుక్కున మింగింది. అద్దెకిచ్చే ఇళ్ల ఫోటోలూ ఆవిడే తీస్తుంది గనక, ఇళ్ల కోసం తిరిగేవాళ్లు కూడా గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆ మేడమీది హాలు ఫోటో మీ డ్రైవులోకి ఎక్కిందా?" అని కనుక్కుని మరీ అడ్వాన్సు ఇస్తారు.

ఇంట్లో ఎక్కువ చిక్కు ఆమె భర్తకే. బడి వ్యాను నడిపే మనిషి, పొట్ట తగ్గించుకోమని డాక్టరు చెబితే 'రోజూ గంట నడక' అని ఒక పట్టిక తయారు చేసుకున్నాడు. ప్రతి ఆదివారం బ్యాకప్ అయ్యాక కాపీ కాని ఫైళ్ల జాబితా తెర మీదికి వస్తుంది కదా, అందులో ఆయనగారి నడక ఠంచనుగా ఉంటుంది.

"ఆ డ్రైవు పాడైపోయిందోయ్, మార్చేయ్," అంటాడు.

"పాడైంది డ్రైవు కాదులెండి," అంటుంది ఆవిడ.

జాబితాలో నడక కంటే పైన ఇంకో ఫైలు ఉంటుంది. దాని పేరు 'చెల్లికి'. దాని గురించి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ హాస్యమాడరు.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకప్పుడు ఈ స్టూడియోను కలిసి నడిపారు. అక్క ఫోటోలు తీసేది, చెల్లెలు వాటిని సరిదిద్దేది. ఏడేళ్ల క్రితం వాళ్లమ్మ జబ్బుచేసి పోయింది. పోయే నాలుగు రోజుల ముందు మంచం మీద ఉన్న అమ్మను అక్క ఒక్క ఫోటో తీసింది. అది కంప్యూటర్లో ఉండేది. అమ్మ పోయిన వారానికి చెల్లెలు దాన్ని చెరిపేసింది. అక్క ఆమెను నలుగురిలోనూ నిలబెట్టి, "అమ్మ చివరి ఫోటో నాకు లేకుండా చేసింది," అని ఏడ్చింది. చెల్లెలు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. బట్టలు సర్దుకుని, రెండు బస్సులు మారితే చేరేంత దూరంలో వేరే ఇల్లు తీసుకుంది. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు కొన్నారు ఆ డ్రైవును. కొన్న నెలకే ఆవిడ ఉత్తరం రాసింది. 'చెల్లీ, నీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడైనా రా.' అంతే. అది డ్రైవులోకి ఎక్కలేదు. కస్టమర్ల ముఖాల మీది మచ్చలంటారా, వాళ్ల ముఖాలు వాళ్ల ఇష్టం, తీసేసి పంపేస్తుంది. చెల్లెలికి మాత్రం డ్రైవు ఒప్పుకోని మాట పంపలేకపోయింది. ఏదో ఒక ఆదివారం ఎక్కకపోతుందా అని చూస్తూ ఉండిపోయింది.

ఆ ఆదివారం కంప్యూటరు లోపల ఎవరో పళ్లు నూరుతున్నట్టు చప్పుడు మొదలైంది. రిపేరు చేసే ఆయన వచ్చి, డబ్బా విప్పి, చెవి ఆనించి విని తల అడ్డంగా ఊపాడు.

"డిస్కు పోతోందమ్మా. ఈ సాయంత్రం దాకా ఉంటే గొప్పే. ఎక్కేవన్నీ ఎక్కించేసుకోండి."

"ఎక్కనివి?"

"దీంతోపాటే పోతాయి. మీ డ్రైవు సంగతి మీకు తెలియంది కాదు గదా." టీ తాగి, కొత్తది రేపు తెస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ఎక్కాల్సినవన్నీ ఎక్కాయి. జాబితాలో మచ్చలు తీసిన ముఖాలు, ఆయనగారి నడక, ఆ ఉత్తరం మిగిలాయి. రెండు వాక్యాల ఉత్తరమే, కాగితం మీద రాసుకోవచ్చు. కానీ ఏడేళ్లలో చెల్లెలి వైపు తను వేసిన అడుగు అదొక్కటే. అది కూడా పోతే ఇక మళ్లీ మొదలుపెట్టే ధైర్యం తనకు ఉండదని ఆవిడకు తెలుసు.

ఇంకోసారి పంపింది. కాపీ కాలేదు. చిర్రెత్తుకొచ్చి, ఉన్నది చెరిపేసి 'నీ మీద నాకు చాలా కోపంగా ఉంది' అని కొట్టింది. ఇది మాత్రం ఎక్కుతుందిలే అనుకుంది.

అదీ కాపీ కాలేదు.

వెనక తువ్వాలుతో తల తుడుచుకుంటున్న భర్త వంగి చూశాడు.

"కోపం లేదంటే ఎక్కలేదు, ఉందన్నా ఎక్కలేదు. మరి ఉన్నదేమిటోయ్?"

"మీరు అవతలికి వెళ్లండి," అంది. ఆయన వెళ్లాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఏ మాటకు వెళ్లాలో, ఏ మాటకు ఉండిపోవాలో ఆయనకు బాగానే తెలుసు.

కంప్యూటరు పళ్లు నూరుతోంది. ఆవిడ ఆ వాక్యాన్నీ చెరిపేసింది. తర్వాత ఒక్కో అక్షరమే కొట్టింది.

'చెల్లీ, ఆ రోజు నేను గుమ్మంలోనే ఉన్నాను. నువ్వు అమ్మ ఫోటో చెరిపేయడం చూశాను. వద్దు అనలేదు. బుగ్గలు పీక్కుపోయిన ఆ ముఖాన్ని చూడలేక, అది పోతే బాగుండునని నేనూ అనుకున్నాను. పోయాక తట్టుకోలేకపోయాను. నా తప్పు కూడా తెచ్చి నీ నెత్తిన వేశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.'

డ్రైవు మీది పచ్చ లైటు ఒక్కసారి మెరిసింది. కాపీ అయింది.

ఆవిడ భోరున ఏడ్చింది. సిగ్గేసింది, బరువు దిగినట్టూ ఉంది, ఏది ఎంతో ఆవిడకే తెలియలేదు. కళ్లు తుడుచుకుని, ఎక్కడ మనసు మారుతుందోనని ఆ ఉత్తరాన్ని ఉన్నదున్నట్టుగా చెల్లెలి ఫోనుకు పంపేసింది.

పావుగంట గడిచింది. ఈ ఏడేళ్లకంటే ఆ పావుగంటే పొడుగు. అప్పుడు ఫోను మోగింది.

"అక్కా."

ఆ గొంతు విని ఆవిడ ఫోనును రెండు చేతులా పట్టుకుంది. "నన్ను తిట్టవే. తిట్టడానికేగా ఫోను చేశావు?"

"ఆ రోజు నేను బయటికొచ్చేసరికి గుమ్మం పక్కన బల్ల మీద రెండు కప్పుల టీ ఉంది," అంది చెల్లెలు. "పొగలు పోతూ ఉంది. నీకొకటి, నాకొకటి తెచ్చి, అక్కడ పెట్టేసి వెళ్లిపోయావని అప్పుడే తెలిసింది."

"తెలుసా నీకు?"

"రెండూ నేనే తాగాను కదా."

"మరి అంతమందిలో నిన్ను అన్ని మాటలు అంటుంటే ఒక్క ముక్క చెప్పలేదేమే పిచ్చిదానా!"

"నువ్వే చెబుతావని చూశాను. చెరిపింది నేనేగా అక్కా. చూసినదానివి నువ్వే చెబితే బాగుంటుంది అనుకున్నాను."

అవతల చెల్లెలు ముక్కు చీదడం వినిపించింది. చిన్నప్పటినుంచీ అంతే, ఊరంతా వినిపించేలా చీదుతుంది.

"వచ్చే ఆదివారం రాకూడదూ?" అంది అక్క, బతిమాలుతున్నట్టు.

"ఈవాళేమిటి?"

"ఆదివారం."

"మరి వచ్చే ఆదివారం దాకా ఎందుకు? చెప్పులేసుకుంటున్నాను. టీ పెట్టు."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. వెనక గదిలో కంప్యూటరు చప్పుడు ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. రెండు బస్సులు మారి రావడానికి గంట పైనే పడుతుందని తెలిసినా, అప్పుడే రెండు కప్పులు తీసి కడిగి, బల్ల మీద పక్కపక్కన పెట్టింది.