ఏడోది

“ఓ నెగిటివోళ్లు ఇరవై ముగ్గురు దొరికిండ్రు బేటీ! నీ రక్తదాతల యాప్‌ల ఇప్పుడే చూసిన!” ఫోన్లో ఇమ్రాన్ భాయ్ అరిచినంత పని చేశాడు. బార్కస్‌లో ఉండే ఆయన కూతురు ఆఫియాకు తలసీమియా. మూడు వారాలకోసారి ఓ నెగిటివ్ రక్తం ఎక్కించాలి. రేపు పదింటికి మళ్లీ ఎక్కించాలి.

ఆ యాప్ రాసిన మహేశ్వరి ఛత్రినాకలో కాపురానికొచ్చి ఇరవై రోజులైంది. చాయ్‌లో అల్లం వాసనకే మురిసిపోయే మనిషి. ఈ కబురుకు వంటింట్లోనే గంతేసింది. గంతేశాక గుర్తొచ్చింది, తన జాబితాలో ఓ నెగిటివ్ దాత ఒక్కరే కదా అని.

యాప్ చూపిన ఇరవై మూడింటిలో మొదటి పేరు ఆటో దుర్గయ్యది. ఫోన్ చేసింది.

“నాది బీ పాజిటివ్ బిడ్డా. ఆటో ఎనక గూడ రాయించుకున్న!”

లాప్‌టాప్ తెరిచింది. పొద్దున ఎవరో కోడు మార్చారు. ఆ ఎవరో బట్టలారేస్తున్న భర్త శ్రీశైలమే.

“సర్‌ప్రైజ్ ఇద్దామని... కోడ్‌ల బ్లడ్ గ్రూపులు కలగాపులగం ఉన్నయి గదా, అక్షరాల వరుసల పెట్టిన. నీట్‌గ లేదా?”

“నీట్‌గనా! దాతల ఫైల్ల గ్రూపుల పేర్లుంటయా? అంకెలే దాచిన. చదివేటప్పుడు ఈ రస్ట్ భాష ఆ అంకె వట్టుకొని కోడ్‌ల వరుస చూస్తది. నా వరుసల ఏడోది బీ పాజిటివ్. నీ వరుసల ఏడోది ఓ నెగిటివ్!”

“కోడ్‌ల తప్పులు వట్టే కంపైలర్ ఒక్క మాట గూడ అనలే...”

“దానికేం ఎర్క? మీ అమ్మ పోపుల డబ్బాల గిన్నెలు నేను జరిపితే, చూడకుండ ఆవాలని మెంతులేస్తది. అప్పుడు ఊకుంటవా?”

“దవాఖానల మళ్ల టెస్ట్ చేస్తరు గదనే.”

ఆ మాటతో ఆమె ఒళ్లు మండిపోయింది.

“చేస్తరు! చేసి ఇరవై ముగ్గురినీ ఇంటికి పొమ్మంటరు. ఆ పొల్ల మంచం మీద పండుకొని చూస్తుంటది. రక్తం ఎవరిస్తరు, నీ వరుసనా?”

ఆమె పాత వరుస పెట్టి యాప్ మళ్లీ నడిపించింది. ఓ నెగిటివ్ కింద ఒక్క పేరే మిగిలింది. రాజమణి, అఫ్జల్‌గంజ్ బస్టాండు పక్కన పూల కొట్టు. ఫోన్ స్విచాఫ్.

అతను చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. అల్లం దండిగా దంచి వేశాడు. ఆమె ముట్టలేదు.

“ముందుగాల ఇమ్రాన్ భాయ్‌కి ఫోన్ కొట్టు. తప్పు నాదని నీ నోటితోనే చెప్పు. రేపు రాజమణి కొట్టు తెరిచే యాల్లకు, ఐదింటికల్లా, అఫ్జల్‌గంజ్‌ల ఉండాలె. బండి నువ్వే నడుపు. ఆమె దవాఖానకు పోతే, వచ్చేదాక పూలు అమ్మేది గూడ నువ్వే.”