తీగ ఉన్న కారు

మా ఇంట్లో అందరూ మంచివాళ్లే, నేను తప్ప. మా అత్త నూకమ్మ మనవరాలిని చంక దించదు. మా ఆయన ఆదిబాబు పిల్ల కళ్లలో నీళ్లు చూస్తే ముద్ద దిగదంటాడు. రోజుకు రెండు పూటలా ఆ పిల్ల కుడికాలికి ఇనప కడ్డీల బూటు తొడిగి, తోలు బెల్టులు బిగించి, గోడ పక్కన నిలబెట్టి నడవమనే రాక్షసిని నేనొక్కదాన్నే. మంచితనం వాళ్లిద్దరూ పంచేసుకున్నారు, నాకు మిగిలింది బెల్టులే.

గౌరికి నాలుగేళ్లు. ఏడాదిన్నర వయసులో మూడు రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ కుడికాలి బలం పట్టుకుపోయింది. పోలియో అన్నారు. ఎనభై ఏడు వేసవిలో డాక్టరమ్మ నాకు తేల్చి చెప్పేసింది. చేయి పట్టుకుని నడిపిస్తే నడక రాదని, తనంతట తాను నడవాలని, ఇంకో ఆరు నెలలు ఇలాగే కూర్చుంటే మోకాలు ముడుచుకుపోతుందని, అప్పుడిక ఆపరేషనేనని. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు.

రోజూ అదే తంతు. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని చేతులు చాచి "రా అమ్మా, రా" అంటాను. అది గోడకు వీపు ఆనించి "నహీఁ చలూంగీ" అంటుంది. నడవనంటే నడవనని. పని కోసం మేమొచ్చి పడ్డ ఈ హిందీ ఊళ్లో, మా సిద్ధగోరా వీధి పిల్లల దగ్గర నేర్చిన మాట అది, కోపం వస్తే తెలుగు మరిచిపోతుంది. బతిమాలగా బతిమాలగా ఒక అడుగు వేసి నా మీద పడిపోతుంది. పట్టుకుంటే డాక్టరమ్మ చెప్పిన నడక కాదు, పట్టుకోకపోతే తల్లిని కాను. గోడ వెనక నుంచి మా అత్త ముక్కు చీదిన చప్పుడు వినిపిస్తుంది. ఇద్దరం అలిసిపోయాక బెల్టులు విప్పుతాను. కాలి మీద ఎర్రటి వాతలు చూసి కొబ్బరినూనె రాస్తాను. అప్పుడు కూడా నా వైపు చూడదు.

అలాంటి పిల్ల ఒకరోజు నోరు తెరిచి ఒకటి అడిగింది. పక్కింటి పౌల్‌రాజు గారి ఇంటికి చుట్టాల పిల్లాడు రిమోట్ కారు పట్టుకొచ్చాడు. గౌరి గడప మీద కూర్చుని మధ్యాహ్నమంతా దాన్నే చూసింది. తండ్రి డ్యూటీ నుంచి రాగానే, "నాన్నా, నాకూ కారు" అంది. అంతే, ఆయన మరుసటి ఆదివారం కోసం కూడా ఆగేలా లేడు.

పిల్లని అత్త దగ్గర ఉంచి ఇద్దరం సాక్చీ బజారుకు వెళ్లాం. బొమ్మల కొట్టులో ఆదిబాబు కారు కొనే మనిషిలా లేడు, ఫ్యాక్టరీలో సరుకు పాసు చేసే ఇన్‌స్పెక్టరులా ఉన్నాడు. రేకు కారు అంచు మీద బొటనవేలు నడిపి, "ఇది కోసేత్తాది" అని పక్కన పెట్టాడు. ఇంకోదాని వెనక మూత గోటితో లేపితే ఊడి వచ్చింది. "సెల్లులు నోట్లో ఎట్టుకుంటే?" అని అదీ పక్కన పెట్టాడు. మూడోది దళసరి ప్లాస్టిక్ జీపు. రబ్బరు చక్రాలు, సెల్లుల మూతకి మర మేకు. దాని వెనక నుంచి బారెడు తీగ, తీగ చివర బటన్ల డబ్బా. ఆయన ఆ తీగని జీపులోకి దూరేచోట పట్టుకుని రెండుసార్లు లాగి చూశాడు.

"తీగ ఎప్పుడు సచ్చినా మెడ కాడే సస్తాది. ఇక్కడ తొడుగేసేరు. బాగుంది," అన్నాడు.

కొట్టతను సరుకు తెలిసిన మనిషి వచ్చాడనుకున్నాడేమో, లోపలి నుంచి ఒక ఫారిన్ కారు తెచ్చాడు. దానికి తీగే లేదు. చేతిలో డబ్బా, డబ్బాకి పొడుగాటి కమ్మీ. కొట్టతను నిలబడ్డచోట నిలబడే బటను నొక్కాడు. అది బెంచీ కిందకి దూరి, అటు తేలి, గుండ్రంగా తిరిగి మా ఆయన కాళ్ల దగ్గరకు వచ్చి ఆగింది. ఆదిబాబు మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

"ఇదే, సిన్నమ్మీ! పిల్ల కదలక్కర్లేదు. కూకున్న సోటే ఆడుకుంటాది."

కదలక్కర్లేదు అన్న మాట నా చెవిలో ముల్లులా గుచ్చుకుంది. నేను జీపు తీగ వైపు చూశాను. బారెడే ఉంది. జీపు ముందుకు పోవాలంటే డబ్బా పట్టుకున్నవాళ్లు వెనక పోవాల్సిందే.

"మావా, తీగున్నదే కొందాం."

"అదెల్తంటే పిల్ల దాని ఎనకాల ఎల్లాల కదే."

"ఎల్లాలనే."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఆదిబాబు గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో చేతి క్రేను నడుపుతాడు. పైన క్రేను, దాని నుంచి కిందకి వేలాడే తీగ, తీగ చివర బటన్లు. ఆ బటన్లు పట్టుకుని లోడు ఎటు పోతే అటు ఎనిమిది గంటలూ నడవాలి. ఇంటికొచ్చాక పిక్కల్లో నరాలు తాళ్లలా పైకి తేలి ఉంటాయి.

"పదేళ్లబట్టి తీగట్టుకుని లోడు ఎనకాల నడత్తన్నాను," అన్నాడు మెల్లగా. "ఆ నడకేటో నీకేటి తెలుసు? నా పిల్లకీ అదేనేటి?"

నాకు అంత మెల్లగా మాట్లాడే ఓపిక ఎప్పుడో పోయింది. "మరి జల్మంతా కూకోబెడతావేటి? నువ్వూ మీ అమ్మా మోత్తారు, సరే. మీరు పోయినాక ఎవులు మోత్తారు?"

కొట్టతనికి తెలుగు రాదు గానీ గొంతు అర్థమైనట్టుంది, డబ్బా బల్ల మీద పెట్టేశాడు. అనకూడని మాట అనేశానని నాకూ తెలిసింది. నోరు జారితే తీసుకోలేం. ఆదిబాబు ఫారిన్ కారు కమ్మీ కొసని వేలితో తాకి, "ఇది కంట్లో గుచ్చుకుంటాది," అని జీపు చేతిలోకి తీసుకున్నాడు. డబ్బులు కట్టి, నాకోసం ఆగకుండా కొట్టు మెట్లు దిగాడు.

అంత గొడవ పెట్టుకుని తెచ్చానా, గౌరి నట్టింట్లో చతికిలబడి, డబ్బా ఒళ్లో పెట్టుకుని, జీపుని తన చుట్టూ గానుగెద్దులా తిప్పుకుంది. తీగ నడుముకి చుట్టుకుంటే వెనక్కి తిప్పి విప్పుకుంది. కిలకిలా నవ్వింది. ఆదిబాబు నా వైపు ఒకసారి చూసి, వెళ్లి పిల్ల పక్కన కూర్చున్నాడు.

రెండోరోజు మా అత్త అంతకన్నా తెలివైన పని చేసింది. పిల్లని చంకనెత్తుకుంది, డబ్బా పిల్ల చేతికిచ్చింది, జీపు ఎటు పోతే అటు తను నడవడం మొదలుపెట్టింది. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి గదిలోకి. అరవై ఏళ్ల మనిషి వంగి, ఆయాసపడుతూ, "సూడయే సిన్నమ్మీ, నా గౌరమ్మ ఎంత బాగా తోల్తందో!" అంటోంది. నడవాల్సిన పిల్ల చంకలో, కూర్చోవాల్సిన ముసలమ్మ కాళ్ల మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంట్ల గిన్నెలన్నీ ధనధనా విసిరాను. నాలుగు రోజులు ఇదే ఊరేగింపు.

అయిదో రోజుకి మా అత్త నడుం పట్టేసింది. మంచం ఎక్కింది.

ఆ సాయంత్రం ఆదిబాబు డ్యూటీ నుంచి వచ్చి గడప మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. నేను గౌరికి బెల్టులు బిగించాను. చేతులు చాచి రమ్మనలేదు. పంతం కాదు, పథకం అంతకన్నా కాదు. నాలో ఓపిక అడుగంటిపోయింది. చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చున్నాను. ఆపరేషను రాసిపెట్టి ఉంటే ఆపరేషనే కానీ అనుకున్నాను. ఒక తల్లి అలా అనుకోవచ్చా అంటే, ఆరోజు నేను అనుకున్నాను.

గౌరి గోడకు ఆనుకుని కూర్చుని తోలిన జీపు బారెడు దూరం పోయి ఆగిపోయింది. చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి, తీగ బిగుసుకుంది.

"మామ్మా!" అని పిలిచింది గౌరి.

"నా నడుం ఇరిగిపోనాది తల్లీ, లెగలేను."

"అమ్మా!"

నేను తలెత్తలేదు. బటను రెండుసార్లు టక్కుమంది. తర్వాత జీపుతోనే అన్నట్టు చిన్నగా అంది. "పాపం, ఇదొక్కతీ ఎల్లలేదు. ఎవులో ఎనకాల ఎల్లాల."

ఇనుము గోడకు రాసుకున్న చప్పుడైంది. చూస్తే గౌరి లేచి నిలబడి ఉంది. డబ్బాకి రెండు చేతులూ కావాలి, అందుకని గోడ వదిలేసింది. జీపు కదిలింది. వెనక ఒక అడుగు వేసింది. కుడికాలు విసిరి ఇంకో అడుగు. మూడో అడుగుకి దబ్బున కూలబడింది. నేను సగం లేచాను. అది ఏడవలేదు, జీపు బోల్తా పడిందేమోనని చూసుకుంది. మంచం కోడు పట్టుకుని మళ్లీ లేచింది.

జీపు వెళ్లి ఆదిబాబు పాదానికి తగిలి ఆగింది. ఆయన ఒక బూటు చేతిలో అలాగే పట్టుకుని ఉన్నాడు. పిల్ల ఎదురుగా వచ్చేసరికి బూటు పడేసి రెండు చేతులూ చాచాడు.

గౌరి మొహం చిట్లించింది. "హటో నాన్నా! నా బండికి అడ్డు."

ఆయన కాళ్లు ముడుచుకున్నాడు. అది నాలిక బయటపెట్టి, బటన్లు నొక్కి, జీపుని మెల్లగా వెనక్కి మళ్లించింది. తనూ మళ్లింది. ఊగుతూ, కుంటుతూ, మా ఇద్దరికీ వీపు చూపించి గదిలోకి వెళ్లిపోయింది.

ఇన్నేళ్లూ అది మా దగ్గరకు నడిచి రావాలని చేతులు చాచి కూర్చున్నాను. ఎవరూ పట్టుకోకుండా వెళ్తున్న నా కూతురి వీపు ఎలా ఉంటుందో ఆరోజే చూశాను. ఆదిబాబు చాచిన చేతులు ఇంకా దించలేదు.