మెత్తగా పుట్టినందుకు

నేను ఒక కత్తిని. భయపడకండి, నాతో వంకాయ కూడా తెగదు. లోపల సన్నని పైపు, దాని చుట్టూ పరుపుల్లో వేసే స్పాంజి, పైన వెండిరంగు. నన్ను చేసింది విఠల్ సార్, హైదరాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కల మాస్టారు. "పిల్లలకు దెబ్బ తాకొద్దు" అంటూ స్పాంజి మీద ఇంకో పొర కూడా చుట్టారు.

మా ఆట పేరు లార్ప్. పరాయి దేశాల్లో బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, నోటితోనే యుద్ధాలు చేసేవాళ్ళు కొందరుండేవారు. యాభై ఏళ్ళ కిందట వాళ్ళకు కూర్చుని కూర్చుని విసుగు పుట్టి, వేషాలు కట్టి అడవుల్లో పడ్డారు. మన వీధినాటకం లాంటిదే. కాకపోతే చూసేవాళ్ళుండరు, రాసిపెట్టిన మాటలుండవు. ఎవరి పాత్రను వాళ్ళే కల్పించుకుని సాయంత్రం దాకా అందులోనే బతకాలి. అంపైరూ ఉండడు. దెబ్బ తగిలినవాడే "తాకింది" అని ఒప్పుకుని పడిపోవాలి. మనిషి మాటను మనిషే నమ్మాలట, చూడండి చోద్యం! ఇక్కడి కుర్రకారుకు ఈ ఆట నేర్పింది విఠల్ సారే.

ఆ ఆదివారం ఘట్‌కేసర్ దగ్గరి మామిడితోటలో ఆట, సార్‌ది రాజు వేషం. కవచం కోసం ఇంట్లో బొంతను కత్తిరించి కుట్టుకున్నారు. తిరుగుబాటు సేనాని హారిక, ఆయన పాత శిష్యురాలే, నన్ను పట్టుకుని వెనకనుంచి ఆయన వీపు మీద కొట్టింది. నేను తగిలాను. ఒట్టు, తగిలాను. కానీ నా స్పాంజీ ఆయన బొంతా కలిసి ఆ దెబ్బను మింగేశాయి. రాజు నడుస్తూనే ఉన్నాడు.

"సార్, తాకింది! పడ్తలేరేంది?" అంది హారిక.

"నాకేం తెల్వలేదమ్మా."

"రూల్ మీరే చెప్పి మీరే తప్పితే ఎట్ల సార్?"

ఆట ఆగిపోయింది. అందరూ ఆయన్నే చూశారు. సార్ ముఖం చిన్నబోయింది. "తాకిందంటే తాకినట్టే" అంటూ మెల్లగా నేలమీద పడుకున్నారు. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని, తప్పు ఆయనది కాదు, నాదని. నేను కొంచెం గట్టిగా ఉండి ఉంటే ఆ పెద్దమనిషి వీపు మండేది, పరువు దక్కేది.

ఇక రారనుకున్నాను. వస్తున్నారు. కానీ నేను గాలిలో ఊగితే చాలు, పడిపోతున్నారు. ఎన్నడూ బొంకని మనిషికి నేను బొంకడం నేర్పాను. ఆ సిగ్గు నన్ను తినేస్తోంది.

మొన్న నేను ఆయనకు జానెడు దూరంలోంచి పోయాను. "తాకింది!" అంటూ కూలబడ్డారు. హారిక కొత్తవాళ్ళను పిలిచి, "సార్‌ను చూసి నేర్చుకోండి. నిజాయితీ అంటే గిది!" అంది.

చప్పట్లు ఆగేదాకా సార్ కళ్ళు తెరవలేదు.