గొంతు లేని సినిమా

అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని మా ఊళ్ళో అందరూ అంటారు. పోలీసులకూ అడవిలోని అన్నలకూ మధ్య ఊరు నలిగిన ఆ గొడవల ఏడాది, మళ్ళీ తిరిగిరాని నాన్నను ఇంట్లోంచి ఎవరు పిలుచుకుపోయారన్న ఒక్క గింజ మాత్రం ఇరవై ఏళ్ళుగా నానుతూనే ఉంది. అప్పటికి నేను ఉయ్యాల్లో పిల్లని. అడిగి అడిగి నా నోరే అరిగిపోయింది.

జగదల్‌పూర్ కాలేజీలో నా చదువు కోసం ఒక పాత చైనా సినిమా చూడాల్సి వచ్చింది. రాజ్యం తలకిందులైన రోజుల్లో ఒక సంసారం కథ. సెలవులకొచ్చినప్పుడు, వాన పడుతున్న మధ్యాహ్నం ఇంట్లోనే పెట్టాను. టీవీ మా సీతయ్య మామ దోర్నపాల్‌లో బేరమాడి కొన్నది. బొమ్మ వస్తుంది, గొంతు రాదు. మామ ఏది కొన్నా సగమే పనిచేస్తుంది. కానీ నాన్న లేని ఇంటికి ఇన్నేళ్ళూ బియ్యం తెచ్చి పోసింది ఆయనే, అందుకే నేనేమీ అనను.

అమ్మా, మామా చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. తెర మీద భార్య గోడకున్న తాతల పటం వైపు చూసింది.

"పటం తీసి దాస్తది సూడు," అంది అమ్మ.

ఆమె తీసి దాచింది.

"నీకెట్ల తెలుసమ్మా?"

"పగలొచ్చేటోళ్ళకొక జెండా, రాత్రొచ్చేటోళ్ళకొక జెండా. మేం కట్టలేదా ఏంది?"

"పాట లేదు, ఫైటు లేదు. బంద్ చెయ్యి సునీతా," అన్నాడు మామ.

"ఉండనియ్యి," అంది అమ్మ.

అక్కణ్ణుంచి ఆ భార్య పెదవులు కదిలినప్పుడల్లా అమ్మే మాట్లాడింది. "పిల్లను పండబెట్టు. దీపం తగ్గియ్యి." తెర కింద ఇంగ్లీషు అక్షరాలు అమ్మ తర్వాత వచ్చేవి, అవే మాటలతో. అమ్మకు తెలుగు చదవడమే రాదు. ఆపుదామనుకున్నాను, చెయ్యి రాలేదు.

తలుపు అవతల ఎవరో వచ్చి నిలబడ్డారు. ముఖం కనిపించలేదు. భర్త అన్నం గిన్నె కింద పెట్టి లేచాడు.

అమ్మ గొంతు మారింది. మగ గొంతు.

"బావా, ఒక్కసారి బయటికి రా. ఒక్క మాటడిగి పంపిస్తరంట."

కింద అక్షరాల్లో "కామ్రేడ్" అని ఉంది. బావ అని లేదు. నాన్నను బావా అని పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు.

మామ చేతులు చింతపండులోనే ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ బియ్యం ఎందుకొచ్చేదో అప్పుడు తెలిసింది. భయమేసింది, అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

తెర మీద భర్త చీకట్లోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. అమ్మ మామ వైపు తిరిగింది.

"నాకు ఇక్కడిదాకనే తెలుసురా తమ్మీ," అంది, మళ్ళీ తన గొంతుతో. "బయటికి పోయినంక ఏమైందో నువ్వు చెప్పు."